వగరు చూసి చెప్పే మాట

ఏటా వసంతం మొదట్లో, మార్చి చివరికో ఏప్రిల్ మొదటికో, ఫ్రాన్సులోని బోర్దోకి వైన్ వ్యాపారులు, విమర్శకులు, పత్రికలవాళ్ళు వేల సంఖ్యలో వచ్చిపడతారు. వాళ్ళు రుచి చూడ్డానికి వచ్చిన సరుకు నిజానికి ఇంకా పూర్తిగా వైన్ కాలేదు. నిరుడు సెప్టెంబర్, అక్టోబర్లలో కోసిన ద్రాక్ష అది. పులిసి, ఓక్ పీపాల్లో చేరి ఆరు నెలలయిందంతే. ఇంకో ఏడాది పైగా ఆ పీపాల్లోనే ఉండాలి, ఆ తర్వాతే సీసాల్లోకి వెళ్తుంది. కొనేవాళ్ళు మాత్రం డబ్బు ఇప్పుడే కట్టేస్తారు. ఈ పద్ధతికి ఆన్ ప్రిమ్యూర్ అని పేరు.

పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి ఒక్కో మనిషి పదుల కొద్దీ గ్లాసులు చూస్తాడు. మింగడు, నోట్లో తిప్పి ఉమ్మేస్తాడు. మధ్యాహ్నానికే పళ్ళు నేరేడుపళ్ళు తిన్న పిల్లల పళ్ళలా అయిపోతాయి. చిగుళ్ళు బిగుసుకుపోతాయి. లోపలున్న ద్రవం అంత వగరు. ఆ బిగుసుకున్న నోటితోనే నోట్‌బుక్‌లో ఇలాంటిదొకటి రాసుకుంటాడు: గొప్ప వైన్, ఇరవై ఏళ్ళు ముట్టుకోవద్దు, ఆ తర్వాత ఇంకో పాతికేళ్ళు తాగచ్చు.

నన్ను ఆపేది ఈ వాక్యమే. నాలుక మీద ఉన్నదేమో ఇబ్బంది, రాస్తున్నదేమో పొగడ్త. రుచి ఇవాళ్టిది, తీర్పు ఇంకో తరానిది. తప్పని తేలే రోజుకి నిలదీసేవాళ్ళు ఉండకపోవచ్చు, చెప్పినవాడు అసలే ఉండకపోవచ్చు. మరి ఇది ఎలాంటి మాట? జ్ఞానమా, జోస్యమా, ఒక రకం మర్యాదా?

మనకీ మాట కొత్త కాదు. "పదికాలాల పాటు నిలిచే రచన" అనే ముక్క పడకుండా పుస్తకావిష్కరణ సభ టీ దాకా రావడం నేనెప్పుడూ చూడలేదు. అంతెందుకు, నేనూ రాశాను. తొమ్మిదేళ్ళ కిందట ఒక స్నేహితుడి మొదటి కవితల పుస్తకం మీద సమీక్షలో, సరిగ్గా చివరి వాక్యంగా. ఆ సంగతికి మళ్ళీ వస్తాను. ముందు ఈ వైన్‌వాళ్ళని చూద్దాం. ఎందుకంటే, మనలా కాకుండా, వాళ్ళు తేదీ వేస్తారు.

టానిన్ అంటే ఏమిటో చెప్పడానికి ఇంగ్లీషు వైన్ పుస్తకాలు చాలా అవస్థ పడతాయి. చల్లారిన డికాషన్ అంటాయి, వాల్‌నట్ పైపొర అంటాయి. మనకి ఒక్క మాట చాలు, వగరు. మామిడి పిందె, పచ్చి అరటికాయ, సరిగ్గా పండని నేరేడు, వక్క. దాన్ని ఆరు రుచుల్లో ఒకటిగా లెక్కపెట్టి ఏటా ఉగాది రోజున పనిగట్టుకుని తింటాం కూడా. శాస్త్రం ప్రకారం అది రుచికన్నా ఎక్కువగా స్పర్శ. ద్రాక్ష తొక్కల్లోంచీ గింజల్లోంచీ పీపా చెక్కలోంచీ వచ్చిన టానిన్లు మన లాలాజలంలోని ప్రోటీన్లకి అంటుకుని, నోట్లో సహజంగా ఉండే జారుడుతనాన్ని తీసేస్తాయి. నాలుక ఎండినట్టూ, బుగ్గలు లోపలికి లాక్కున్నట్టూ అనిపించేది అందుకే.

ఈ వగరే ఎర్ర వైన్‌కి ఆయుష్షు. ఏళ్ళు గడిచేకొద్దీ టానిన్లు ఒకదానితో ఒకటీ, రంగునిచ్చే పదార్థాలతోనూ కలిసి పెద్ద గొలుసులవుతాయి. కొన్ని మడ్డిలా సీసా అడుగుకి దిగిపోతాయి. ఊదా రంగు కాస్తా ఇటుక రంగు అవుతుంది. పదును తగ్గుతుంది. చిక్కేమిటంటే, ఈలోపు పండు కూడా తగ్గిపోతూ ఉంటుంది. తాజా నల్లద్రాక్ష, రేగు లాంటి వాసనలు పోయి ఎండుపళ్ళు, పొగాకు, తోలు, వాన పడ్డ మట్టి లాంటివి వస్తాయి. ఇంకా ఆగితే అవీ పోయి పులుపొక్కటే మిగులుతుంది. అంటే సీసాలో ఒక పందెం నడుస్తోంది. వగరు దిగేదాకా పండు నిలబడుతుందా? దాచుకోదగ్గ వైనా కాదా అనే ప్రశ్నకి అర్థం ఇంతే.

రుచి చూసేవాళ్ళు వెతికేది ఈ పందెం ఆనవాళ్ళనే. గ్లాసుని తెల్లకాగితం మీద వంచి అంచు రంగు చూస్తారు. నాలుక పక్కల నీరు ఊరుతోందా అని పులుపు చూస్తారు. వగరు ఎంత ఉంది అన్నదానికన్నా ఎలా ఉంది అన్నది ముఖ్యం. పచ్చి కాడ నమిలినట్టు గరుగ్గా ఉందా, ముఖమల్ మీద వేలు రాసినట్టు సన్నగా ఉందా? దాని వెనకాల పండు ఉందా, లేక వెనకాల ఖాళీయేనా? ఉమ్మేశాక రుచి ఎంతసేపు నోట్లో ఉంది? ఫ్రెంచివాళ్ళు ఈ చివరిదానికి సెకన్లు లెక్కపెడతారు.

ఇదంతా చదివినప్పుడు నాకు తోచింది ఒకటి ఉంది. ఈ ప్రశ్నల్లో ఎక్కడా "నచ్చిందా" అన్నది లేదు.

కాంట్ 1790 నాటి తన పుస్తకంలో ఈ తేడా చెప్పడానికి వైన్‌నే ఉదాహరణగా తీసుకున్నాడు. కెనరీ దీవుల వైన్ బావుందని ఎవరైనా అంటే, "నీకు బావుంది" అని సరిదిద్దచ్చు, అతనూ ఒప్పుకుంటాడు. అక్కడితో గొడవ లేదు. ఒక కవిత అందంగా ఉందన్నప్పుడు మాత్రం మనం నాకు అని ఊరుకోం, మిగతావాళ్ళూ ఒప్పుకోవాలని ఆశిస్తాం. నాలుక సుఖం సొంత వ్యవహారం, అందం గురించిన తీర్పు అందరి వ్యవహారం. భోజనంలో అతిథులతో కలిసి శుభ్రంగా వైన్ తాగిన మనిషే ఆయన, కానీ వైన్‌ని మాత్రం కింది మెట్టు మీదే కూర్చోబెట్టాడు. బోర్దోలో ఏప్రిల్ నెల గది ఈ లెక్కని తలకిందులు చేస్తుంది. అక్కడ నాలుకకి సుఖం లేదు, బాధ ఉంది. అయినా తీర్పు ఉంది. పైగా అది అందరికీ, ఇంకా పుట్టనివాళ్ళకి కూడా, వర్తిస్తుందని చెప్పే తీర్పు. నచ్చకుండానే మంచిదనడం.

ఇది గొప్ప సామర్థ్యం. తన క్షణిక సుఖాన్ని పక్కన పెట్టి ఎదుటి వస్తువుని చూడగలగడం. చదివేటప్పుడు నలిపేసే నవలని మంచి నవల అనగలిగేది దీనివల్లే. అయితే అంతకన్నా సులువుగా మోసపోయే చోటు కూడా ఇంకోటి లేదు. నాలుక సాక్ష్యాన్ని కొట్టేశాక ఇంకే సాక్ష్యం మిగిలింది?

హ్యూమ్ దగ్గర దీనికి ఒక కథ ఉంది. 1757లో అచ్చయిన అభిరుచి వ్యాసంలో, డాన్ కిహోటే నుంచి తీసుకుని చెప్తాడు. సాంకో పాంజా చుట్టాలిద్దరిని ఒక పీపా వైన్ రుచి చూసి చెప్పమన్నారు. ఒకడు బావుంది గానీ కొంచెం తోలు వాసన అన్నాడు. రెండోవాడు బావుంది గానీ ఇనుము తగిలింది అన్నాడు. ఊరంతా నవ్వింది. పీపా ఖాళీ అయ్యాక చూస్తే అడుగున తోలు పట్టీ కట్టిన పాత తాళంచెవి. అభిరుచి గాల్లో మేడ కాదు, వస్తువులో ఉన్నదాన్ని పట్టుకునే సూక్ష్మత అని హ్యూమ్ చెప్పదలుచుకున్నది. ఇష్టమైన కథే గానీ మన గదిలో ఇది సగమే పనికొస్తుంది. ఆ తాళంచెవి అప్పటికే పీపాలో ఉంది. ఇక్కడ పడిందో లేదో ముప్ఫై ఏళ్ళ తర్వాత గానీ తెలియదు. హ్యూమ్ చెప్పిన రెండో కొలత కాలపరీక్ష. రెండు వేల ఏళ్ళ కింద ఏథెన్సులో మెచ్చుకున్న హోమర్‌ని ఇవాళ పారిస్, లండన్లలో కూడా మెచ్చుకుంటున్నారంటాడు. ఒప్పుకుంటాను. కానీ కాలం ఫలితాలు ప్రకటించే బోర్డు మాత్రమే. పరీక్ష రాసేరోజు అది ఎవరికీ ఏమీ చెప్పదు.

కాబట్టి పొరపాట్లు ఎలా జరిగాయో చూడ్డమే మేలు. వైన్‌వాళ్ళ పొరపాట్లకి ఏళ్ళ పేర్లుంటాయి.

1975 బోర్దో ఒకటి. అంతకుముందు 72, 73, 74 మూడేళ్ళూ నీరసంగా పోయాయి. ఈ ఏడు పంట వచ్చేసరికి తొక్క మందం, రంగు చిక్కన, వగరు నోరు కట్టేసేంత. అందరూ ఊపిరి పీల్చుకున్నారు, ఇదే అసలు సిసలు పాతకాలపు బోర్దో, ఓపిక పట్టాలంతే అన్నారు. పట్టారు. పదేళ్ళు, ఇరవై ఏళ్ళు. చాలా సీసాల్లో జరిగిందేమిటంటే వగరు అలాగే ఉంది, పండు ఎండిపోయింది. కొన్ని అద్భుతంగా వచ్చాయి, ముఖ్యంగా పోమెరోల్ వైపు. కానీ మొత్తం మీద ఆ ఏడుకి దక్కిన గౌరవంలో చాలా భాగం అది పెట్టిన బాధకి దక్కిన గౌరవం. ఇంత కఠినంగా ఉందంటే లోపల ఏదో ఉండే ఉంటుందనుకున్నారు. కటువుదనానికి లోతు ఉండి తీరాలనే నమ్మకం మనుషుల్లో చాలా పాతది. కోపిష్టి గురువుల్ని అందుకే భరిస్తాం. అర్థంకాని కవిత్వాన్ని అందుకే పక్కన పెట్టడానికి భయపడతాం.

1982 దీనికి తిరగేసిన కథ. ఎండ బాగా కాసిన ఏడు, పంటా ఎక్కువే. లేతగా ఉన్నప్పుడే వైన్లు గుండ్రంగా, తియ్యటి పండుతో, దాదాపు తాగెయ్యచ్చు అనేలా ఉన్నాయి. దాంతో అనుమానం వచ్చింది. అమెరికాలో అప్పటికి పేరున్న రాబర్ట్ ఫినిగన్ లాంటివాళ్ళు ఇవి మరీ మగ్గిపోయిన వైన్లు, బోర్దో తరహా కాదు అని పెదవి విరిచారు. 1978లో సొంతంగా ఒక చిన్న పత్రిక మొదలుపెట్టిన మేరీలాండ్ లాయరు రాబర్ట్ పార్కర్ మాత్రం ఇది శతాబ్దపు గొప్ప పంటల్లో ఒకటన్నాడు. పేరున్న 82లు నలభై ఏళ్ళు దాటినా నిలిచాయి. పార్కర్ మాట కూడా నిలిచింది. ఆయన ప్రపంచంలోకెల్లా బలమైన వైన్ విమర్శకుడయ్యాడు. అంటే ఈసారి తప్పు ఎదురుదిశలో జరిగింది. ఇంత హాయిగా ఉందంటే ఇక లోపలేం ఉంటుందిలే అనుకోవడం.

పార్కర్ గెలిచిన కథ అక్కడితో ఆగుంటే బావుండేది. నూటికి ఇన్ని మార్కులు అని ఆయన వేసే అంకె మీద ధరలు ఆధారపడ్డం మొదలయ్యాక, చాలాచోట్ల వైన్ ఆ అంకె కోసం తయారవడం మొదలైంది. ఇంకా పండాక కోత, ఇంకా చిక్కటి రంగు, ఇంకా కొత్త ఓక్. ఏప్రిల్లో, అలిసిన నోటికి, వందో గ్లాసుగా కూడా తెలిసేలా. దీనికి పార్కరైజేషన్ అని పేరే పెట్టారు. పైగా ఏప్రిల్లో గ్లాసులో పోసేది చివరికి సీసాలోకి వెళ్ళే మిశ్రమం కానక్కర్లేదు. అది ఆ రోజు కోసం కలిపిన నమూనా, ఏ పీపాల్లోంచి కలపాలో కలిపేవాళ్ళ ఇష్టం. ఇందులో మోసమనేది ఉండాలని లేదు. పెళ్ళిచూపుల్లో పిల్లాడు ఇస్త్రీ చొక్కా వేసుకోవడం మోసమా? కానీ భవిష్యత్తుని చూడగలనని చెప్పే కన్ను ఎక్కడ చూస్తోందో అందరికీ తెలిసిపోయాక, వస్తువు ఆ కన్ను వైపే తిరుగుతుంది.

"నిలవదు" అన్న మాట సంగతి కూడా చెప్పుకోవాలి. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లీషు వ్యాపారి తొమ్మిదిమంది ఫ్రెంచి నిపుణుల ముందు పేర్లు కప్పేసిన సీసాలు పెట్టాడు. ఎర్ర వైన్లలో కాలిఫోర్నియా స్టాగ్స్ లీప్ 1973 మొదటిదిగా వచ్చింది, బోర్దో మూతోన్ రోత్‌షీల్డ్ 1970 రెండోది. గొడవైంది. ఓడినవాళ్ళ తరఫు వాదం ఒక్కటే. కాలిఫోర్నియావి లేతప్పుడు మెరుస్తాయి, నిలవవు, ముప్ఫై ఏళ్ళాగి చూడండి. ఓడిపోయినప్పుడు కాలాన్ని సాక్షిగా పిలవడం చాలా సౌకర్యం, అది వెంటనే బోనెక్కదు కదా. ఈసారి మాత్రం ఎక్కింది. 2006లో, సరిగ్గా ముప్ఫై ఏళ్ళకి, అవే వైన్లని లండన్‌లోనూ నాపాలోనూ ఒకేరోజు మళ్ళీ రుచి చూశారు. మొదటిది రిడ్జ్ మోంటె బెల్లో 1971. కాలిఫోర్నియాదే. 76లో అది అయిదోది. మొదటి అయిదు స్థానాలూ కాలిఫోర్నియావే. నాకు ఇందులో ఎవరు గెలిచారన్నది అంత ముఖ్యం కాదు. ముప్ఫై ఏళ్ళ కిందటి ఒక మాటని తలుచుకుని, సీసాలు దాచి, మళ్ళీ బల్ల మీదికి తెచ్చారే, అది ముఖ్యం. ఇలా తిరిగొచ్చి అడగడం ఎంత అరుదో!

అరుదు కాబట్టే ఈ విద్య నేర్చుకోవడం కష్టం. మూడోనాడు ఆవకాయ తిరగకలిపి ఉప్పు చూసే ఆవిడ చేసేది కూడా ఇదే పని. ఇవాళ్టి నాలుకకి కాస్త ఎక్కువైందనిపించే ఉప్పు ఏడాదికి సరిపోతుందని ఆవిడ చెప్తుంది. ఎలా చెప్తుంది? నిరుడు చెప్పింది, ఏడాది పొడుగునా తిని చూసింది. అంతకుముందేడూ అంతే. ముప్ఫై ఏళ్ళలో ముప్ఫైసార్లు తన మాటకి జవాబు విన్నది. బోర్దో మనిషికి ముప్ఫై ఏళ్ళకి ఒక జవాబు వస్తుంది. లేత వైన్‌ని అంచనా కట్టాలంటే ఇవాళ ముదిరి బావున్నవి లేతప్పుడు ఎలా ఉండేవో గుర్తుండాలి. అంటే ఆ మనిషి ఆ వైన్లతోపాటు ముసలివాడయి ఉండాలి. మాట మీద నమ్మకం కుదిరే వయసు వచ్చేసరికి, ఆ మాట నిజమో కాదో చూసే వయసు మిగలదు.

లండన్ క్రిస్టీస్‌లో వైన్ వేలాలు నడిపిన మైకేల్ బ్రాడ్‌బెంట్ 1952 నుంచి తను రుచి చూసిన ప్రతి వైన్‌కీ చిన్న నోట్‌బుక్కుల్లో రాసుకుంటూ వచ్చాడు. తేదీ వేసి మరీ. ఒకే వైన్‌ని ఏళ్ళ తేడాతో మళ్ళీ మళ్ళీ చూసి, మారితే మారిందని రాసుకునేవాడు. 2020లో పోయాడు. ఆయన గొప్పతనం నాలుకలో కన్నా ఆ తేదీల్లో ఉందనిపిస్తుంది నాకు.

ఆ బ్రాడ్‌బెంట్ హయాంలోనే, 1971లో, స్కాట్లండ్‌లోని గ్లామిస్ కోట నేలమాళిగ నుంచి వచ్చిన లాఫీట్ 1870 పెద్ద సీసాలు వేలానికి వచ్చాయి. నూరేళ్ళ వైన్. ఆ ఏటి లాఫీట్ దశాబ్దాల తరబడి నోట పెట్టలేనంత వగరని పేరుపడింది. నూరేళ్ళకి అద్భుతంగా ఉంది. దాన్ని కొని దింపించిన ఇంటి పెద్ద ఎప్పుడో పోయాడు. ఆయనకి అది చేదు మందులాంటి వైన్‌గానే తెలుసు. ఆ తీర్పు సరైనదేనని ఇప్పుడంటాం. ఎవరి పట్ల సరైనది? ఆయన గ్లాసులోకి ఆ గొప్పతనం ఒక్క చుక్కా రాలేదు. ఇంగ్లీషు ఇళ్ళల్లో పిల్ల పుట్టిన ఏటి పోర్ట్ వైన్ కొని వాళ్ళ ఇరవయ్యొకటో పుట్టినరోజుకి దాచే అలవాటుంది. అక్కడ తనకి కాదని తెలిసే దాస్తారు. టెంకాయ మొక్క నాటినట్టు. అందులో చిక్కేం లేదు. తనకోసమే అనుకుని, రేపు ఇంకా బావుంటుందని, రేపుని అలా జరుపుతూ పోయేవాళ్ళ సంగతే నాకు అంతుపట్టదు.

నేనూ ఒకసారి జరిపాను. 2009లో లండన్ నుంచి వచ్చిన మా బావ ఒక 2005 మెదోక్ సీసా ఇచ్చాడు. మన మెదక్ కాదు, బోర్దో పక్కన నది ఒడ్డున ఉండే ప్రాంతం. పెద్ద పేరున్న వైనేం కాదు గానీ 2005 మంచి ఏడు. "ఇది ఇప్పుడే తెరవకోయ్, 2016 దాకా ఆగు" అన్నాడు. హైదరాబాదులో పై అంతస్తు ఫ్లాటు, పుస్తకాల అలమర కింది అర. గౌరవంగా పడుకోబెట్టాను. ఎనిమిది ఎండాకాలాలు. 2017లో బావ మళ్ళీ వచ్చినప్పుడు బయటికి తీస్తే బిరడా కొంచెం పైకి లేచి ఉంది, మెడ చుట్టూ జిగటగా కారిన మరక. గ్లాసులో పోస్తే ఉడికిన ఎండుద్రాక్ష. ఆయన వాసన చూసి కింద పెట్టేసి, "ఆగమన్నాను గానీ ఉడకబెట్టమన్లేదోయ్" అన్నాడు. ఆ వైన్ గురించి చెప్పిన జోస్యం పన్నెండు, పదమూడు డిగ్రీల నేలమాళిగని దృష్టిలో పెట్టుకుని చెప్పింది. నలభై దాటే మే నెలని కాదు. "నిలుస్తుంది" అన్న మాటలో "నిలబెడితే" అన్నది కలిసే ఉంది. బయటికి ఎవరూ అనరంతే.

ఇక్కడికొచ్చాక ప్రశ్న రుచిది కాకుండా పోయింది. ఏప్రిల్ మాట నమ్మి ఒకడు డబ్బు కడతాడు. చెప్పినవాడు ఏమీ కట్టడు. మాట నిజమైతే పేరు, కాకపోతే అందరూ మర్చిపోతారు. రిస్కు మొత్తం నమ్మినవాడిది. షాతో లాతూర్ 2012లో ఇక మా వైన్ ఇలా ముందస్తుగా అమ్మం, తాగడానికి సిద్ధమయ్యాకే బయటికి తెస్తాం అని ప్రకటించి ఈ బజారులోంచి తప్పుకుంది. వ్యాపారులు సణిగారు, ధర ఎక్కాక అమ్ముకోవాలనే ఎత్తని కొందరన్నారు. కావచ్చు. ధర్మం, లాభం ఒకే నేలమాళిగలో ఉండకూడదని రూలేం లేదు. కానీ ఓపిక పట్టమని నలుగురికీ చెప్పే బదులు ఆ ఓపికేదో తానే పట్టడం నాకు నచ్చింది. వాయిదాల మీద కాదు, ఇప్పుడే నచ్చింది.

ఇక స్నేహితుడి పుస్తకం.

అందులో నలభై చిల్లర కవితలు. సగానికి పైగా కఠినమైనవి. విరిగిన వాక్యాలు, సగంలో ఆగిన పోలికలు, రెండుసార్లు చదివినా చిక్కనివి. మిగతావి చిన్నవి, సులువైనవి. వాళ్ళ నాన్న స్కూటర్ గురించి ఒకటి, కరెంటు పోయిన రాత్రి మేడ మీద పడుకోవడం గురించి ఒకటి. సమీక్షలో నేను కఠినమైన వాటి గురించి రెండు పేజీలు రాశాను. సులువైనవాటిని "కొన్ని తేలిక కవితలూ ఉన్నాయి" అని ఒక్క వాక్యంలో దాటేశాను. చివర్లో పదికాలాలు. సమీక్ష వచ్చిన రోజు రాత్రి వాడు ఫోన్ చేశాడు. థాంక్స్ చెప్పాడు. కాసేపాగి, "అది సరే గానీ రా, నీకు నచ్చిందా?" అన్నాడు.

రాశాను కదా అన్నాను. "రాసింది చదివాను. నచ్చిందా అంటున్నా." ఏదో చెప్పాను, ఏం చెప్పానో గుర్తులేదు. గుర్తున్నదల్లా నా దగ్గర జవాబు లేకపోవడం. నచ్చలేదని చెప్పే ధైర్యం లేక కాదు. నచ్చిందా లేదా అని నేను చూసుకోనేలేదు. నోట్లో తిప్పి, వగరు చూసి, సెకన్లు లెక్కపెట్టి, ఉమ్మేశాను. పదికాలాలు అనడంలో ఉన్న సౌకర్యం అదే. ఈ కాలం గురించి మాట్లాడనక్కర్లేదు.

మొన్న జనవరిలో ఇల్లు మారుతుంటే పుస్తకం చేతికొచ్చింది. తొమ్మిదేళ్ళు పెద్ద కాలమేం కాదు, కాలంలో పదోవంతు కూడా కాదు. అయినా కూర్చుని మొదటి నుంచీ చదివాను. కఠినమైనవాటిలో ఒకటి మాత్రం విప్పారింది. అది అప్పుడు నాకు అందలేదు, నాదే లోపం. మిగతావి అలాగే బిగుసుకుని ఉన్నాయి. వెనకాల వెతికితే ఏమీ తగల్లేదు. స్కూటర్ కవిత దగ్గర ఆగిపోయాను. స్టాండు వెయ్యడం రాని కొడుకు, వెనక్కి తిరక్కుండానే చప్పుడు విని "కుడికాలు" అనే తండ్రి. అంతే ఉంది కవితలో. మరీ సులువుగా ఉందని నేను వదిలేసినది.

ఫోన్ చేసి అదంతా చెప్పాను. తొమ్మిదేళ్ళు ఆలస్యంగా, ఏది నచ్చిందో, ఏది నచ్చలేదో, పేజీ నంబర్లతో సహా. వాడిప్పుడు రాయడం దాదాపు మానేశాడు. మధ్యలో ఎక్కడా ఆపకుండా విన్నాడు. ఆఖర్న నవ్వాడు.

"ఆ కష్టమైనవన్నీ నీలాంటివాళ్ళు సమీక్ష రాస్తారనే రాశాన్రా" అన్నాడు. "స్కూటర్‌ది ఒక్కటే ఊరికే వచ్చింది."

ఇంకా కాపీలున్నాయా అని అడిగాను. వేసింది అయిదొందలు. పంచగా మిగిలినవి వాళ్ళ ఊరింట్లో మంచం కింద అట్టపెట్టెల్లో ఉన్నాయట. మొన్న వానలకి గోడ పక్కన పెట్టిన పెట్టె తడిసిందని వాళ్ళమ్మ చెప్పిందట, ఎన్ని పోయాయో తెరిచి చూడలేదన్నాడు. వచ్చే ఆదివారం ఇద్దరం వెళ్దామనుకున్నాం.